పేగు బ్యాక్టీరియా – టైప్ 2 మధుమేహం: దిగువ కృష్ణా డెల్టా

విషయం, పరిధి

మనిషి జీర్ణనాళంలో, ముఖ్యంగా పెద్దపేగులో, స్థిరనివాసం ఏర్పరచుకున్న బ్యాక్టీరియా సముదాయానికీ టైప్ 2 మధుమేహానికీ ఉన్న సంబంధం ఈ వ్యాస విషయం. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలతో కూడిన దిగువ కృష్ణా డెల్టా భోజనపు అలవాట్లను దృష్టిలో పెట్టుకుని ఈ సంబంధాన్ని పరిశీలిస్తుంది. ఆ ప్రాంతంలో 'షుగరు' అంటే సాధారణంగా టైప్ 2 రకమే. ఎక్కువగా చిన్న వయసులో, ఇన్సులిన్ ఉత్పత్తి దాదాపు ఆగిపోవడం వల్ల వచ్చే టైప్ 1 ఇందులోకి రాదు. (చూ. ఇన్సులిన్, క్లోమం)

టైప్ 2 మధుమేహంలో కండరాలు, కాలేయం, కొవ్వు కణజాలం ఇన్సులిన్ మాట సరిగా వినవు. దీన్ని ఇన్సులిన్ నిరోధకత అంటారు. కొంతకాలం క్లోమం అదనంగా ఇన్సులిన్ తయారుచేసి నెట్టుకొస్తుంది, తర్వాత అలిసిపోతుంది. పరగడుపున గ్లూకోజు డెసిలీటరు రక్తానికి 126 మిల్లీగ్రాములు గానీ, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 గానీ, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గానీ, అంతకు మించి గానీ ఉంటే మధుమేహంగా నిర్ధారిస్తారు. పేగు బ్యాక్టీరియాకు ఈ నిర్ధారణలో పాత్ర లేదు.

పేగు సముదాయం పరిమాణం గురించి చాలాకాలం అతిశయోక్తులు చలామణీ అయ్యాయి. మనిషి కణాలకన్నా బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువ అన్న మాట వాటిలో ఒకటి. 2016లో ప్రచురితమైన లెక్క ప్రకారం 70 కిలోల మనిషిలో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, అంటే మనిషి కణాల సంఖ్యకు దాదాపు సమానం. వాటి మొత్తం బరువు సుమారు 200 గ్రాములే. ఆ కాస్త బరువు చేసే రసాయన పని మాత్రం చిన్నది కాదు. మన జీర్ణరసాలు విడగొట్టలేని పీచును పులియబెట్టి శరీరానికి అందించేది ఈ సముదాయమే.

చరిత్ర

పేగులోని జీవులకూ ఆరోగ్యానికీ ముడిపెట్టిన తొలి శాస్త్రవేత్తల్లో నాటి రష్యా సామ్రాజ్యంలో పుట్టి పారిస్‌లో పనిచేసిన ఎలీ మెచ్నికోఫ్ ఒకరు. పెరుగులోని లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా ముసలితనాన్ని వెనక్కి నెడుతుందని ఆయన 20వ శతాబ్దం మొదటి దశకంలో వాదించారు. ఆ వాదన అంతటితో నిలబడలేదు గానీ, ప్రశ్న మాత్రం నిలిచింది.

చక్కెర వ్యాధితో నేరుగా ముడి పడింది 2004లో. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలకు అమెరికాలోని జెఫ్రీ గోర్డన్ బృందం మామూలు ఎలుకల పేగు బ్యాక్టీరియాను ఎక్కించింది. తక్కువ తిన్నా రెండు వారాల్లో వాటి ఒంటి కొవ్వు సుమారు 60 శాతం పెరిగింది, ఇన్సులిన్ నిరోధకత వచ్చింది. 2007లో పాట్రిస్ కానీ బృందం బ్యాక్టీరియా గోడలోని ఒక పదార్థం రక్తంలోకి చేరితే ఎలుకల్లో ఇదే మార్పు వస్తుందని చూపింది. 2012లో చైనాలో 345 మంది మలం నమూనాల జన్యు విశ్లేషణ వెలువడింది. మధుమేహులలో బ్యూటిరేట్ తయారుచేసే బ్యాక్టీరియా తగ్గినట్టు అందులో తేలింది. మరుసటి ఏడు ఐరోపాలో 70 ఏళ్ల వయసున్న 145 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనం కూడా మొత్తం మీద అదే దిశలో సాగింది. అయితే చైనాలో గుర్తులుగా నిలిచిన జాతులు వేరు, ఐరోపాలో నిలిచినవి వేరు. ఒక దేశపు పేగు నమూనాతో మరో దేశపు రోగాన్ని పట్టలేమన్న హెచ్చరిక ఈ రంగంలో మొదటినుంచీ ఉంది.

తెలుగు నేలకు సంబంధించిన పూర్వరంగం ఇంకా పాతది. ఉత్తర సర్కారుల తీరప్రాంతంలో, అంటే కృష్ణా జిల్లా కూడా ఉన్న ప్రాంతంలో, మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేవారికి బెరిబెరి సోకేది. తవుడుతోపాటు విటమిన్ బీ1 కూడా పోవడమే దానికి కారణం. ఈ జబ్బు పరిశోధన కోసం 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ఏర్పాటు చేసిన చిన్న విభాగమే 1958లో హైదరాబాదుకు తరలి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందింది. బెరిబెరి పోయింది, పాలిష్ మిగిలింది. అప్పట్లో తవుడుతో పోయిన విటమిన్ మీదే దృష్టి ఉండేది. ఇప్పుడు అదే తవుడుతో పోతున్న పీచు మీద చర్చ జరుగుతోంది. (చూ. బెరిబెరి; తవుడు)

డెల్టా, దాని భోజనం

విజయవాడ వద్ద కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువ నీటితో డెల్టా అంతా వరిచేలయింది. పులిగడ్డ వద్ద నది రెండు పాయలుగా చీలాక ఆ పాయల మధ్య సముద్రం వరకు సాగే నేల దివిసీమ. అవనిగడ్డ, మోపిదేవి, కోడూరు, నాగాయలంక అందులోవే. గుడివాడ వడ్లకూ రైసుమిల్లులకూ పేరున్న పట్టణం. జిల్లా కేంద్రమైన మచిలీపట్నాన్ని ఇప్పటికీ జనం బందరు అనే పిలుస్తారు. తొక్కుడు లడ్డు ఆ పట్టణం పేరుతోనే బందరు లడ్డు అయింది.

డెల్టా భోజనంలో శక్తి ప్రధానంగా తెల్లన్నం నుంచే వస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు సుమారు 2.8 గ్రాములు, ముడి బియ్యంలో 4.4 గ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకు తినేవారికి అన్నం ద్వారా అందే పీచు సుమారు 11 గ్రాములే. పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మిగతా సగానికి పైగా భాగాన్ని పప్పు, కూర, ఆకుకూర, పండు పూడ్చాలి. పేదింటి కంచంలో పప్పు పలచబడ్డా, కలిగినింటి కంచంలో కూర తగ్గి స్వీటు పెరిగినా, కొరత పడేది ఈ భాగానికే.

మినుము సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దివిసీమలో, బందరు చుట్టుపక్కల వరికోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో తేమ ఆరకముందే, నిలిచిన వరిలోనే మినుములు వెదజల్లుతారు. దుక్కి దున్నరు, నీరు పెట్టరు. కోత అయ్యాక మిగిలిన తడితోనే మొక్క లేస్తుంది. 100 గ్రాముల పొట్టు మినుముల్లో పీచు సుమారు 20 గ్రాములు, పొట్టు తీసిన పప్పులో 12 గ్రాములు. ఇడ్లీకీ గారెలకూ తెల్లని మినపగుళ్లే కావాలన్న అలవాటు స్థిరపడ్డాక ఆ పొట్టు పశువుల దాణాలోకి చేరింది. పీచు పండే చోటే అది ఇంటికి రాకుండా పోవడం అంటే ఇదే.

ఉలవచారుదీ అదే కథ. ఉలవలు ఉడకబెట్టి గింజలు ఎడ్లకు పెట్టి, ఆ నీటిని మరగకాచి చారు చేసుకోవడం కృష్ణా, గుంటూరు ప్రాంతాల పాత ఆనవాయితీ. బ్యాక్టీరియా లెక్కలో చూస్తే పెద్దపేగుకు పనికొచ్చే భాగం ఎడ్ల గాటికి వెళ్లింది.

చద్దన్నం గురించి ఈ మధ్య విపరీతమైన ప్రచారం జరుగుతోంది కనుక అంకెలతో చెప్పడం అవసరం. వండిన అన్నం చల్లారినప్పుడు దానిలోని పిండిపదార్థంలో కొంత గట్టిపడి, చిన్నపేగులో జీర్ణం కాకుండా పెద్దపేగుకు చేరుతుంది. దీన్ని నిరోధక పిండి అంటారు. ఇండోనేషియాలో 2015లో జరిగిన కొలతల్లో 100 గ్రాముల వేడి అన్నంలో ఇది 0.64 గ్రాములు, పది గంటలు గది వేడిమిలో ఉంచిన అన్నంలో 1.30 గ్రాములు, 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములు ఉంది. అంటే రెట్టింపు అయిన మాట నిజం. అయినా 300 గ్రాముల చద్దన్నంలో నిరోధక పిండి నాలుగు గ్రాములే, జీర్ణమై గ్లూకోజుగా మారే పిండి 80 గ్రాముల దాకా ఉంటుంది. రాత్రి మజ్జిగలో నానవేసిన అన్నంలో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పెరుగుతుంది. అయితే వేసవిలో మూత లేకుండా, నీరు పోయకుండా వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ వంటి హానికర జీవులు కూడా పెరుగుతాయి. గంజి, కడుగునీళ్లు కుండలో పులియబెట్టి చేసే తరవాణి దాదాపు కనుమరుగైంది. ప్రెషర్ కుక్కర్ వచ్చాక గంజి వార్చే ఇళ్లే తగ్గాయి.

తోటకూర, గోంగూర, పొన్నగంటి, తేగలు, ఎండుచేపలు, రొయ్యలు కూడా డెల్టా తిండే. వీటిలో పీచు పరంగా లెక్కలోకి వచ్చేవి ఆకుకూరలు, తేగలు.

సంబంధం పనిచేసే తీరు

పరిశోధకులు ప్రతిపాదించిన మార్గాలు అనేకం. వాటిలో బాగా నిలదొక్కుకున్నది బ్యూటిరేట్ మార్గం. ఫీకాలిబాక్టీరియం ప్రౌస్నిట్జీ, రోజ్‌బూరియా వంటి బ్యాక్టీరియా పీచును, నిరోధక పిండిని పులియబెట్టి బ్యూటిరేట్, ప్రొపియోనేట్, అసిటేట్ అనే పొట్టి కొవ్వు ఆమ్లాలను ఇస్తాయి. పెద్దపేగు లోపొర కణాలకు బ్యూటిరేటే ముఖ్య ఇంధనం. ఈ ఆమ్లాలు పేగు గోడలోని ఎల్ కణాలను తట్టి జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తాయి. భోజనం తర్వాత క్లోమం నుంచి ఇన్సులిన్ రాబట్టేది, ఆకలి తగ్గించేది ఈ హార్మోనే. మధుమేహానికీ బరువు తగ్గడానికీ ఇప్పుడు వాడుతున్న సెమాగ్లుటైడ్ దాని పోలికలో తయారైన మందు. 2019లో జన్యు సమాచారం ఆధారంగా జరిగిన విశ్లేషణలో బ్యూటిరేట్ ఉత్పత్తి ఇన్సులిన్ స్పందనను మెరుగుపరుస్తుందని, ప్రొపియోనేట్ తీరు దెబ్బతింటే టైప్ 2 ముప్పు పెరుగుతుందని తేలింది. ఒకే పులియబెట్టే పని నుంచి వచ్చిన రెండు ఆమ్లాలు చెరోవైపు నిలవడం గమనించదగ్గది.

రెండోది పేగు గోడ సడలడం. పేగు లోపలి జిగురు పొర పలచబడితే కొన్ని బ్యాక్టీరియా గోడల ముక్కలు, అంటే లైపోపాలిశాకరైడ్లు, కొంచెం కొంచెంగా రక్తంలోకి జారతాయి. జ్వరం తెచ్చేంత కాదు, కానీ కాలేయంలో, కొవ్వులో నిరంతరం మంటలాంటి వాపు ఉంచేంత. ఆ వాపు ఇన్సులిన్ సంకేతాన్ని అడ్డుకుంటుంది. జిగురు పొర మీదే బతికే అక్కర్‌మాన్సియా మ్యూసినిఫిలా అనే జీవి ఈ పొరను బలంగా ఉంచడంలో తోడ్పడుతుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దీన్ని 2004లో వేరుచేశారు.

మూడోది పైత్యరసం. కాలేయం పంపే పైత్య ఆమ్లాలను బ్యాక్టీరియా మార్చి, గ్లూకోజును, కొవ్వును నియంత్రించే గ్రాహకాలకు వేరే సందేశం చేరవేస్తుంది. ప్రోటీన్‌లోని హిస్టిడిన్ నుంచి కొన్ని బ్యాక్టీరియా తయారుచేసే ఇమిడజోల్ ప్రొపియోనేట్ ఇన్సులిన్ సంకేతాన్ని చెడగొడుతుందని 2018లో తెలిసింది. (చూ. పైత్యరసం)

ప్రీవోటెల్లా: తేలని వాదం

భారతీయుల పేగుల్లో ప్రీవోటెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కువ. ఇది మన ప్రాంతానికి సంబంధించిన విషయం కనుక కాస్త వివరంగా చూడాలి. 2016లో డెన్మార్క్‌లో మధుమేహం లేని 277 మందిపై జరిగిన అధ్యయనంలో ప్రీవోటెల్లా కోప్రి శాఖాయుత అమైనో ఆమ్లాలను పెంచి ఇన్సులిన్ నిరోధకతకు కారణమవుతుందని తేలింది. దానికి ఏడాది ముందు స్వీడన్‌లో బార్లీ రొట్టె తిన్నవారిలో జరిగిన పరిశోధన మాత్రం, ప్రీవోటెల్లా ఉన్నవారికే పీచు ఫలితం బాగా దక్కి గ్లూకోజు తగ్గిందని చెప్పింది. 2019లో ఈ జాతి ఒకే జీవి కాదని, స్పష్టంగా వేరుపడిన నాలుగు తెగల కూటమి అని బయటపడింది. ఆ నాలుగూ ఒకేలా ప్రవర్తిస్తాయనుకోవడానికి ఆధారం లేదు. 'మంచి', 'చెడ్డ' బ్యాక్టీరియా అన్న పత్రికల విభజనను ప్రీవోటెల్లా విషయంలో పక్కన పెట్టడమే న్యాయం.

2019లో భోపాల్, కేరళ వాసులు 110 మందిపై వెలువడిన అధ్యయనం ఒక దేశంలోనే రెండు రకాల పేగులను చూపింది. శాకాహార, గోధుమ ప్రాంతమైన భోపాల్‌లో ప్రీవోటెల్లా ముందుంది. అన్నం, చేప, మాంసం తినే కేరళలో సముదాయం తీరు వేరుగా ఉంది. తిండి పోలికను బట్టి చూస్తే కృష్ణా డెల్టాకు దగ్గరగా ఉండే ఉదాహరణ భోపాల్ కన్నా కేరళే.

తెలుగు నాట, భారతదేశంలో పరిశోధనలు

డెల్టా గ్రామాల్లో మధుమేహం ఎంత ఉందో చూపిన ముఖ్యమైన లెక్క గోదావరి వైపు నుంచి వచ్చింది. గోదావరి జిల్లాల 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షిస్తే 13.2 శాతం మందికి మధుమేహం ఉందని, వారిలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదని 2006లో ప్రచురితమైంది. షుగరు పట్నపు జబ్బు అన్న నమ్మకాన్ని ఆ లెక్క కాదనేసింది. దేశం మొత్తం మీద 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ ఫలితాల ప్రకారం 11.4 శాతం, అంటే 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు.

పేగు బ్యాక్టీరియా పరంగా హైదరాబాదు నుంచి రెండు ముఖ్య అధ్యయనాలు ఉన్నాయి. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పరిశోధకులు 2017లో దీర్ఘకాలిక క్లోమ శోథ రోగుల్లో ఫీకాలిబాక్టీరియం, రూమినోకాకస్ బ్రోమీ తగ్గాయని, మధుమేహం తోడైనవారిలో ఆ తగ్గుదల మరింత ఉందని ప్రచురించారు. క్లోమం దెబ్బతిని వచ్చే ఆ మధుమేహం అచ్చంగా టైప్ 2 కాదు. అయినా నిరోధక పిండిని విడగొట్టడంలో ఆరితేరిన రూమినోకాకస్ బ్రోమీ అందులో కనబడటం, అన్నం తినే సమాజానికి పట్టించుకోవలసిన విషయమే. రెండోది ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిది. ఆరోగ్యవంతులు, టైప్ 2 రోగులు, షుగరు వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవారు అనే మూడు గుంపుల మలం నమూనాలను పోల్చి, వాపును అణిచే బ్యాక్టీరియా రోగుల్లో తగ్గిందని, రెటీనా జబ్బు ఉన్నవారిలో తగ్గుదల మరీ ఎక్కువని 2021లో వెల్లడించారు. కంటి ఆసుపత్రి పేగు మీద పరిశోధన చేయడం వింతగా తోచవచ్చు. షుగరు వల్ల చూపు పోయినవారిని రోజూ చూసేది ఆ ఆసుపత్రే కనుక ప్రశ్న అక్కడ పుట్టింది. పూణేలో 2017లో జరిగిన పరిశోధన బ్యాక్టీరియాతోపాటు ఆర్కియా, నిజకేంద్రక జీవుల మార్పులను కూడా నమోదు చేసింది. (చూ. డయాబెటిక్ రెటినోపతీ)

మందులు, యాంటీబయాటిక్‌లు

ఈ రంగంలోని తొలి ఫలితాలను కుదిపేసింది మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర. మధుమేహుల బ్యాక్టీరియాలో కనిపించిన మార్పుల్లో పెద్ద భాగం వ్యాధి వల్ల కాదు, ఆ మాత్ర వల్లేనని 2015లో 784 నమూనాల విశ్లేషణ తేల్చింది. 2017లో మరో బృందం, మెట్‌ఫార్మిన్ వాడినవారి మలాన్ని సూక్ష్మజీవులు లేని ఎలుకలకు ఎక్కిస్తే వాటి గ్లూకోజు అదుపు మెరుగైందని చూపింది. అంటే ఆ మాత్ర పనిలో కొంత పేగు ద్వారానే సాగుతుంది. మొదట్లో కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు కావడానికీ పేగే వేదిక.

యాంటీబయాటిక్‌ల విషయంలో 2015 నాటి డెన్మార్క్ అధ్యయనం వాటి వాడకానికీ టైప్ 2కూ సంబంధం చూపింది. అయితే బయటపడని షుగరు ఉన్నవారికి ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ కావడం వల్లే మందులు ఎక్కువ వాడి ఉండవచ్చు. డెల్టాలో రొయ్యలు, చేపల చెరువులు విస్తరించిన దరిమిలా మందుల అవశేషాల ప్రశ్న కూడా లేస్తోంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వాడకాన్ని చెరువుల్లో ప్రభుత్వం నిషేధించింది. ఆ అవశేషాలకూ తినేవారి మధుమేహానికీ ముడి పెట్టడం ఇప్పటికి ఊహే.

చికిత్సా ప్రయోగాలు

సన్నగా ఉన్నవారి మలాన్ని జీవక్రియ దెబ్బతిన్న పురుషులకు ఎక్కించిన ఆమ్‌స్టర్‌డామ్ ప్రయోగంలో ఆరు వారాలకు ఇన్సులిన్ స్పందన మెరుగైంది (2012). పెద్ద ప్రయోగంలో 18 వారాలకు ఆ లాభం మాయమైంది (2017). వేడిచేసి చంపిన అక్కర్‌మాన్సియాను మూడు నెలలు ఇచ్చిన బెల్జియం ప్రయోగంలో 32 మందే చివరిదాకా ఉన్నారు. ఇన్సులిన్ స్పందన పెరిగింది, కానీ వారిలో మధుమేహులు లేరు. షాంఘైలో 2018లో టైప్ 2 రోగులకు రకరకాల పీచు ఎక్కువగా ఇచ్చినప్పుడు పొట్టి కొవ్వు ఆమ్లాలు చేసే పదిహేను తెగలు పెరిగాయి, హెచ్‌బీఏ1సీ బాగా తగ్గింది. ఈ వరుసలో గట్టి ఫలితం ఇదే. ఇందులో వాడింది తిండి, దానికి తోడు అకార్బోజ్ అనే పాత మాత్ర.

బియ్యం రకం మార్చుకోవడం మరో దారి. బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, డెల్టాలో ఇష్టంగా తినే సన్నరకం. దానికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు తట్టుకునే గుణం జోడించి హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగైన సాంబ మసూరికి గ్లైసీమిక్ సూచిక సుమారు 51. తెల్లబియ్యం రకాలు చాలావాటికన్నా ఇది తక్కువ. గ్లూకోజు మెల్లగా పెరగడానికి ఇది సాయపడుతుంది. అయితే సూచిక తగ్గినంత మాత్రాన పీచు పెరిగినట్టు కాదు. (చూ. గ్లైసీమిక్ సూచిక, వరి)

దుకాణాల్లో దొరికే ప్రోబయోటిక్ పొట్లాలు, మలం పరీక్ష చేసి 'మీ పేగు స్కోరు' చెప్పే కిట్లు మధుమేహ చికిత్సకు ప్రామాణికం కావు. వాటిని నమ్మి మెట్‌ఫార్మిన్ గానీ ఇన్సులిన్ గానీ మానడం ప్రమాదకరం. పీచు పెంచాలనుకునేవారు మెల్లగా పెంచాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు, మినుము పెంచేముందు వైద్యుణ్ణి అడగాలి.

పరిశోధన స్థితి

పేగు బ్యాక్టీరియా టైప్ 2 మధుమేహానికి ఏకైక కారణం కాదు. వంశం, పొట్ట చుట్టుకొలత, నడక లేకపోవడం, వయసు ముందువరుసలో ఉన్న కారణాలు. బ్యాక్టీరియా వాటి మధ్య ఒక దారి. చాలా అధ్యయనాలు ఒకే సమయంలో తీసిన నమూనాల మీద ఆధారపడినవి కనుక ముందు ఏది, వెనుక ఏది అన్నది వాటితో తేలదు. అందుకు ఒకే మనుషుల నుంచి ఏళ్ల తరబడి నమూనాలు తీయాలి. మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో మొదలైంది. ఎల్.వి. ప్రసాద్ సంస్థకు విజయవాడ పక్కన తాడిగడపలో ప్రాంగణం ఉంది. డెల్టా ప్రజల నుంచి ఏళ్ల తరబడి నమూనాలు సేకరించడానికి అవసరమైన వైద్య వసతి ఇప్పుడు దగ్గరలోనే ఉంది. 2024లో ప్రచురితమైన, ఈ విషయంపై ఇంతవరకు జరిగిన పెద్ద విశ్లేషణల్లో ఒకటైన అధ్యయనం 8,117 నమూనాలను పరిశీలించింది. అవన్నీ అమెరికా, ఐరోపా, ఇజ్రాయెల్, చైనాల నుంచి వచ్చినవి, భారతదేశానివి వాటిలో లేవు.